ఆరు పెట్టలకు ఒక సంతకం

జనవరి 12

పోస్టులో కోడిపిల్లల్ని పంపే కంపెనీ కేటలాగ్ వచ్చింది. పోస్టు డబ్బా మూత గడ్డకట్టుకుపోయి ఉంటే స్క్రూడ్రైవర్‌తో పెకలించి తీశాను. నూట నాలుగు పేజీలు, పేజీకి ఐదారు జాతుల కోళ్ళు. బల్ల మీద ముందు పెట్టుకుని చదువుతూ తిన్నాను. కోళ్ళ బొమ్మలు చూస్తూ కోడికూర తింటున్నావు, నీకంటే నక్క నయం అంది అమ్మ.

పేర్లు చదువుతుంటే నోరూరుతోంది. తినడానికి కాదు, పలకడానికి. స్పెకల్డ్ ససెక్స్. బఫ్ ఓర్పింగ్టన్. సిల్వర్ లేస్డ్ వయన్‌డాట్. మూడోదాన్ని మూడుసార్లు పైకి చదివాను. ఒంటి నిండా వెండి లేసు కుట్టించుకున్న రాణి పేరులా ఉంది. తీరా చూస్తే కోడి.

ఇంగ్లీషు టీచర్ మిస్టర్ డ్యూబే మాకు ఈ నోట్‌బుక్కులు ఇచ్చి, రోజూ రాయండి, ఎవరికీ చూపించకండి, నిలబెట్టుకోలేని విశేషణం కనబడితే కొట్టెయ్యండి అన్నారు. పైన "గడ్డకట్టుకుపోయి" నిలబడుతుంది. ఇవాళ సున్నాకి ఇరవై రెండు డిగ్రీలు కింద.

జనవరి 13

కోళ్ళు పెంచుకోవడానికి అమ్మ ఒప్పుకుంది. గూడు శుభ్రం చేసేది నేనే. టౌన్ ఆఫీసు ఫారమ్ నింపేదీ నేనే.

ఫారమ్ ఒక్క పేజీ. ఆరు పెట్టలకు మించకూడదు. పుంజు ఉండకూడదు. కంచె కలిసిన పొరుగువాళ్ళు సంతకం చెయ్యాలి. గడువు ఏప్రిల్ 30.

మాకు ముందూ ఒక పక్కా రోడ్డు, వెనక నది. కంచె కలిసేది ఒక్కరితోనే, మదాం బుషార్‌తో. అమ్మ స్కూల్ బస్సు నడుపుతుంది. మూడేళ్ళ క్రితం మంచులో బస్సు జారి ఆవిడ కంచె గుంజలు రెండు విరిగాయి. అప్పటినుంచి ఇద్దరి మధ్యా చూపులే తప్ప మాటల్లేవు. గుంజలు కూడా అలాగే పడి ఉన్నాయి. నన్ను మాత్రం రమ్మనకు, పులి బోనులోకి పోతానంటే బూట్లు వేసుకుని పో అంది అమ్మ.

జనవరి 17

పోయాను.

తలుపు సగమే తెరిచి, ఏమే, లీజ్ కూతురివి కదూ, ఈసారి ఏం విరగ్గొట్టారు అంది. ఆవిడకి డెబ్భై తొమ్మిదేళ్ళు. నా భుజం దాకా కూడా రాదు. అయినా నేనే పైకి చూస్తున్నట్టనిపించింది.

ఫారమ్ ఇచ్చాను. కళ్ళజోడు తెచ్చుకుని, రెండు వైపులా తిప్పి చదివి, వెనక్కిచ్చేసింది. కోళ్ళా! పుట్టిన దగ్గర్నుంచీ పెళ్ళయ్యేదాకా నలభై కోళ్ళ కంపు పీల్చానే నేను. బడికి వెళ్ళేముందు వాటి నీళ్ళ తొట్టిలో ఐసు పగలగొట్టి వెళ్ళేదాన్ని. నా వంతు కోళ్ళు అయిపోయాయి. ఇక పో, చలి లోపలికొస్తోంది అంది.

తలుపు మూయబోతూ ఆగింది. ఏ జాతి?

లెగ్‌హార్న్ అన్నాను. మొదటి పేజీలో ఉంది మరి.

తలుపు పూర్తిగా తెరుచుకుంది. ఓసి పిచ్చి మొహమా! లెగ్‌హార్న్ తలమీద తురాయి చూశావా, అరచేయంత ఉంటుంది. మన చలికి నల్లబడి ఊడి పడుతుంది. తెల్లారకముందే లేచి దానికి వాసెలిన్ రాస్తావా నువ్వు? రాయవు. పో.

ఈసారి నిజంగానే మూసేసింది.

జనవరి 18

లెగ్‌హార్న్ కొట్టేశాను.

జనవరి 24

మళ్ళీ వెళ్ళాను. సంతకం కోసం కాదు, సలహా కోసం వచ్చానన్నాను. అది సగం అబద్ధం. ఆవిడకి తెలుసు. అయినా లోపలికి రానిచ్చింది. కాళ్ళు తుడుచుకో, అలా తుడుస్తారా, నీ కాళ్ళు నువ్వు ఎప్పుడూ చూసుకోలేదా అంది.

వంటింట్లో పెనం మీద ప్లోయ్‌లు పోస్తోంది, అదే, పలచటి బక్‌వీట్ పిండి అట్లు. మా అమ్మ పొడి ప్యాకెట్‌తో కలుపుతుంది. మదాం పిండి చూపుతోనే కొలుస్తుంది. ఒక పక్కే కాల్చి తీసేస్తుంది, తిరగెయ్యదు. రెండోవైపు ఎందుకు కాల్చరని చిన్నప్పుడు ఎవరినో అడిగాను. అడిగినందుకు నవ్వారు.

క్రెస్టెడ్ పోలిష్ చూపించాను. నెత్తిమీద పూలగుత్తిలాంటి కుచ్చు. మదాం కళ్ళజోడు మీదుగా నన్ను చూసింది. కళ్ళకి అడ్డం పడే జుట్టుతో నువ్వు సైకిలు తొక్కగలవా? అది అంతే. డేగ దిగేదాకా కనబడదు దానికి.

సిల్కీ. ఈకలు కావు అవి, దూది. చిత్తడి మంచు కురిసిందంటే తడిసిన చీపురే.

ఫేవరోల్స్. దీని కింద "సాధు స్వభావం" అని రాసి ఉందని చెప్పాను. ఆ మాట నాకు నచ్చింది కూడా. మదాం పెనం దించి వచ్చి నా పక్కన కూచుంది.

అప్పుడు చెప్పింది, కేటలాగ్ ఎలా చదవాలో. చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను.

సాధువు అంటే మిగతావి పొడిచి నెత్తురు కళ్ళజూస్తే నోరెత్తదని అర్థం. చలాకీ అంటే కంచె దూకుతుందని. తనే మేత వెతుక్కుంటుంది అంటే నీ కూరమడి మిగలదని. అప్రమత్తం అంటే తెల్లారిందగ్గర్నుంచీ అరుస్తూనే ఉంటుందని. మాతృస్వభావం అంటే వేసవంతా ఉత్త గూట్లో గుడ్లు లేకపోయినా పొదుగుతూ కూచుని, చెయ్యి పెట్టిన ప్రతివాళ్ళనీ పొడుస్తుందని. అలంకారప్రాయం అంటే గుడ్లు పెట్టదని.

మరి అబద్ధాలా ఇవి అన్నాను. అబద్ధం ఒక్కటీ లేదే, అమ్మేవాడి మాటలు అంతే అంది.

ఇంటికొచ్చి కేటలాగ్ మొత్తం మళ్ళీ చదివాను. వేరే పుస్తకం చదివినట్టుంది.

ఫిబ్రవరి 7

ఇప్పటికి నిలబడినవి: వయన్‌డాట్ (తురాయి నెత్తికి అతుక్కుని ఉంటుంది, చలికి ఊడదు. అందుకని రెండు). బార్డ్ రాక్ ఒకటి (మదాం మాటల్లో: దాని గురించి చెప్పడానికేం లేదు, అదే దాని గొప్ప). ఓర్పింగ్టన్ ఒకటి (గుంపులో ఒక సోమరిపోతు ఉండాలి, మిగతావాటికి బుద్ధొస్తుంది). స్పెకల్డ్ ససెక్స్ నా పట్టుదల. కేటలాగ్ దాన్ని "కుతూహలం గలది" అంటుంది. అంటే నక్క వస్తే ఎవరా అని చూడ్డానికి ముందు వెళ్ళేది అదే అంది మదాం. నీలాంటిదే, ఉండనీ అని కూడా అంది.

ఐదు. ఇంకొకటి కావాలి. సంతకం సంగతి ఎత్తితే మాత్రం, నేను సంతకం చెయ్యనని చెప్పానుగా అంటుంది. అని, తరవాతి పేజీ తిప్పుతుంది.

ఫిబ్రవరి 21

తప్పు చేశాను.

పేర్లు పెట్టాను. గుడ్డులోంచే కాదు, ఆర్డరులోంచి కూడా బయటికి రాని కోళ్ళకి. వయన్‌డాట్‌లకి లేస్, డాంటెల్ (ఫ్రెంచిలో అదీ లేసే). ఓర్పింగ్టన్‌కి బ్రియోష్ (వెన్న బన్ను). ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి తీసుకెళ్ళి మదాంకి చూపించాను, మెచ్చుకుంటుందని.

చదివింది. కాయితం బోర్లించి బల్ల మీద పెట్టింది. మా ఇంట్లో కోళ్ళకి పేర్లు ఉండేవి కావు అంది. ఎందుకని అడిగాను. మా నాన్న పెట్టిన పద్ధతి, పేరు పెట్టినవాళ్ళే కాళ్ళు పట్టుకోవాలి అంది.

ఏ కాళ్ళు అని అడిగాను. అడగగానే అర్థమైంది, కోసేటప్పుడు.

ఇక ఆ రోజు ప్లోయ్‌లు లేవు.

ఫిబ్రవరి 22

పేర్లు కొట్టేశాను. కొట్టేసినా చదవడానికి వస్తున్నాయి.

మార్చి 7

రెండు వారాలు వెళ్ళలేదు. ఇవాళ మంచు తవ్వుతుంటే ఆవిడే కంచె విరిగిన చోట నిలబడి, ఏమే, ఆరోది దొరికిందా అని అరిచింది.

వంటింట్లో నేను పేజీలు తిప్పుతుంటే అరవై ఒకటో పేజీ అడుగున ఆవిడ వేలు ఆగింది. అక్కడ బొమ్మ లేదు. శాంటెక్లేర్, తెలుపు. చలికి తట్టుకుంటుంది. శీతకాలంలో గుడ్లు పెడుతుంది. అంతే. ఒక్క విశేషణం లేదు. అందుకే నేను ఇన్నాళ్ళూ దాన్ని దాటేసుకుంటూ పోయాను.

క్యూబెక్‌లో ఒక మఠం సన్యాసి మన చలి కోసమే తయారుచేసిన జాతి ఇది, మా నాన్న నది అవతలినుంచి తెచ్చుకున్నాడు, నలభైకి నలభై ఇవే, మంచులో మంచు నడిచినట్టుండేది అంది. అని చప్పున పేజీ తిప్పేసింది.

నేను వెనక్కి తిప్పి, దాని పక్కన టిక్ పెట్టాను. ఆవిడ చూసింది. వద్దనలేదు.

మార్చి 14

ఆర్డర్ పంపాను. మే మొదటి వారానికి. సంతకం లేకుండానే. ఆలూ లేదు చూలూ లేదు, నీకు మాత్రం ఉయ్యాల కావాలి అంది అమ్మ.

ఆర్డర్ ఫారమ్ చివర ఒక చిన్న గడి ఉంది. "దారిలో వెచ్చదనం కోసం అదనంగా ఒక పిల్ల: సరే / వద్దు." సరే అని టిక్ పెట్టాను. పెట్టెలో ఒకదాన్నొకటి ఆనుకుని వచ్చే పిల్లల్ని తలుచుకుంటే వద్దనడానికి మనసొప్పలేదు. ఆరుకి మించినదాన్ని ఎవరికైనా ఇచ్చెయ్యొచ్చు. వెచ్చదనం. ఎంత మంచి మాట.

ఏప్రిల్ 4

అడిగేశాను. మదాం, ఆరు పెట్టల్నీ మీరే ఎంచారు, ఇంక సంతకం ఎందుకు పెట్టరు?

నేనెక్కడ ఎంచానే, నేను కొట్టేశాను, మిగిలినవి మిగిలాయి అంది. తరవాత అడిగింది. నీకు పదిహేను. మూడేళ్ళలో ఒరోనోలో కాలేజీకి పోతావు. కోడి మూడేళ్ళు బాగా గుడ్లు పెడుతుంది, ఎనిమిదేళ్ళు బతుకుతుంది. మిగతా ఐదేళ్ళూ అది ఎవరిది? మీ అమ్మ బస్సెక్కి తిరుగుతుందా?

నేను నోరు తెరిచాను. ఇప్పుడు చెప్పకు అంది. రాసుకురా. ముసలి కోళ్ళని ఏం చేస్తావో కాయితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వు. నీ సంతకం నాకిస్తే నా సంతకం నీకిస్తాను.

ఇంతేనా అనుకున్నాను. రాయడమేగా.

ఏప్రిల్ 5

"జీవిత సంధ్యలో వాటికి సముచిత గౌరవం..." కొట్టేశాను.

ఏప్రిల్ 11

ఒక పేజీన్నర రాసి తీసుకెళ్ళాను. "సునాయాసంగా విశ్రాంతి కల్పిస్తాను" అన్నచోట ఆగి, ఎవరికి, కోడికా నీకా అంది మదాం. చంపడమైతే చంపడం అని రాయి. ఉంచుకుంటానంటే ఎవరి తిండి పెట్టి ఉంచుతావో రాయి. ఈ కాయితం ఆ కేటలాగ్‌వాడు రాసినట్టుంది పిల్లా.

ఇంటికొచ్చి ఏడ్చాను. ఇంతవరకూ నా రాతని ఎవరూ అలా అనలేదు. అది నిజమని తెలిసి ఇంకాస్త ఏడ్చాను.

ఏప్రిల్ 18

చంపుతాను అని రాశాను. అది నిజమో కాదో తెలియదు. కొట్టేశాను. చంపను అని రాశాను. అదీ తెలియదు.

ఏప్రిల్ 25

ఇంకా ఐదు రోజులు. మిస్టర్ డ్యూబేని అడిగాను, తెలియని విషయం గురించి నిజమైన వాక్యం ఎలా రాయాలని. తెలిసినంత మేరకే రాయి, అక్కడ ఫుల్‌స్టాప్ పెట్టు అన్నారు.

ఏప్రిల్ 28

ఇది రాశాను:

"పెట్టలు ముసలివైనప్పుడు వాటిని ఏం చెయ్యాలో నాకు ఇప్పుడు తెలియదు. ఏం చెయ్యాల్సి వచ్చినా నేనే చేస్తాను. ఇంకొకరి చేతికి వదలను. డెల్ఫీన్ సీర్."

మదాం నిలబడే చదివింది. కూచుని మళ్ళీ చదివింది. పెన్సిలుతో మొదటి వాక్యంలో ఒక చోట గీత గీసి, ముసలివి అయ్యాకే వస్తుందని ఎవరు చెప్పారు ఆ రోజు, ఎప్పుడైనా రావచ్చు, ఏ కోడికైనా రావచ్చు అంది. నేను మార్చి రాశాను. "ఏ కోడికి ఆ రోజు వచ్చినా, ఏం చెయ్యాలో నాకు ఇప్పుడు తెలియదు." చివరి వాక్యం మీద వేలు పెట్టి, ఇది ఉండనీ అంది.

కాయితం నాలుగు మడతలు పెట్టి పంచదార డబ్బా కింద పెట్టింది. నా ఫారమ్ మీద సంతకం చేసింది. రొజాల్మా బుషార్. ఆవిడ పేరు రొజాల్మా అని నాకు ఇవాళే తెలిసింది. పలికి చూశాను. వయన్‌డాట్ కంటే బాగుంది.

మే 6, ఉదయం 6:20

పోస్టాఫీసు నుంచి ఫోను. నీ పెట్టె అరుస్తోంది, వచ్చి తీసుకుపో, ఇక్కడ నాకు నా మాటే వినబడ్డంలేదు అన్నాడు పోస్టుమాస్టర్. అమ్మ నన్ను బస్సులోనే తీసుకెళ్ళింది. దారంతా పెట్టె ఒళ్ళో పెట్టుకున్నాను. చేతులకి వేడిగా తగులుతోంది.

అదే రోజు, సాయంత్రం

ఏడూ బతికే ఉన్నాయి. ఆరు అనుకున్నవే. శాంటెక్లేర్ లేత పసుపు, తెల్లబడడానికి ఇంకా టైముంది. ఏడోది ఏ జాతో పెట్టె మీద రాయలేదు. పసుపు నూగు, నెత్తిమీద తోక ఉన్న నల్ల చుక్క. అచ్చం కామా. కనబడిందల్లా ఏమిటో పొడిచి చూస్తుంది. నా చొక్కా బొత్తాం, నా గోరు, తన కాలు.

ఆరింటికీ పేర్లు పెట్టలేదు. మాట మాటే. ఏడోది లిస్టులో లేదు కదా.

కామా అని పిలిచాను. తల ఎత్తింది.

మే 30

మదాం రోజూ కంచె విరిగిన చోట నిలబడి చూస్తుంది. గూట్లోకి రాదు. శాంటెక్లేర్‌ని మాత్రం చూపుతో వెంటాడుతుంది. ఇవాళ నేను ఏమరుపాటున కామా అని పిలిచాను. అది పరిగెత్తుకుంటూ వచ్చి నా బూటెక్కింది. మదాం విన్నది.

జూన్ 19

కామా తురాయి ఎర్రబడింది. మిగతా ఆరింటికీ ఇంకా లేత గులాబీ రంగే.

పుంజేనా అని మదాంని అడిగాను. జవాబు నాకు ముందే తెలుసు. అదనపు పిల్ల అని నువ్వే టిక్ పెట్టావా అంది. ఔనన్నాను. వెచ్చదనం అనే మాట చూసి పడిపోయావా? ఎవరికీ అక్కర్లేనివి పుంజు పిల్లలే కదే, వాటినే పెట్టెలో దుప్పటిలా వేస్తారు. కోళ్ళు పెంచినవాళ్ళు ఎవరైనా ఆ గడి దగ్గర వద్దని పెడతారు. నన్ను అడగొచ్చుగా?

జాతుల గురించి అన్నీ అడిగాను. మాట నచ్చినచోట అడగలేదు.

జూలై 21, ఉదయం 4:50

కూసింది. బొంగురుగా, గేటు కీచుమన్నట్టు. ఆ తరవాత తనకే ఆశ్చర్యం వేసినట్టు ఊరుకుంది. నేను మంచం మీద కూచుని, ఇంకెవరికీ వినబడకూడదని కోరుకున్నాను. నిజం చెప్పాలంటే ఇంకోసారి కూస్తే బాగుండనీ అనుకున్నాను.

జూలై 27

టౌన్ ఆఫీసు నుంచి ఉత్తరం. ఎవరో చెప్పారు. మదాం కాదు, ఆవిడైతే నా మొహం మీదే చెబుతుంది. రెండు వారాల్లో పుంజుని తీసెయ్యాలి. లేదంటే ఆరింటి పర్మిట్ కూడా పోతుంది.

జూలై 29

స్టోరు నోటీసు బోర్డు మీద కాయితం అంటించడానికి వెళ్ళాను. "పుంజు, ఉచితం, మంచి స్వభావం." అక్కడ అప్పటికే అలాంటివి నాలుగు ఉన్నాయి. నాలుగూ మంచి స్వభావమే.

నా కాయితం వెనక్కి తెచ్చుకున్నాను.

ఆగస్టు 1

అమ్మ దారి చూపించింది. నార్మాండ్ మావయ్య ఫారానికి ఇచ్చేద్దాం, ఆయన తీసుకుంటాడు అంది. తీసుకుని? అన్నాను. తీసుకుంటాడే, అంతే. తీసుకుని ఏం చేస్తాడమ్మా? అమ్మ స్టవ్ వైపు తిరిగి, నిన్ను ఏడిపించడం ఇష్టంలేక చెబుతున్నాను, వెళ్ళేటప్పుడు నువ్వు చూడనక్కర్లేదు, నేను బస్సులో పడేసుకుపోతాను అంది. మంచి మనసుతోనే అంది.

తీసుకుంటాడు. కేటలాగ్‌లో అచ్చు వెయ్యొచ్చు ఆ మాటని.

ఆగస్టు 2

మదాం ఇంటికి వెళ్ళాను. నా కాయితం ఒకసారి చూడాలన్నాను. పంచదార డబ్బా ఎత్తి ఇచ్చింది. ఇంకొకరి చేతికి వదలను. నా అక్షరాలే. ఇంత పెద్దవిగా రాశానా అనిపించింది.

ఆ వాక్యం నుంచి తప్పించుకునే దారి ఉందా మదాం అన్నాను. ఉంది, కాయితం నీ చేతిలోనే ఉంది, చింపెయ్, నేనేం అనను అంది. నిజంగానే అంది. ఎగతాళి లేదు.

చింపలేదు. మడిచి డబ్బా కిందే పెట్టాను.

అప్పుడు చెప్పింది. ఆవిడకి తొమ్మిదేళ్ళప్పుడు ఒక శాంటెక్లేర్ పెట్టకి ఎవరికీ తెలియకుండా పెర్లెట్ అని పేరు పెట్టుకుంది. అది గుడ్లు మానేసింది. నాన్న మొద్దు దగ్గర నిలబడి, దీనికి పేరుందా అని పిల్లలందరినీ అడిగాడు. ఆవిడ బంగాళాదుంపల చేలోకి పరుగెత్తింది. తమ్ముడికి ఆరేళ్ళు. వాణ్ణి పట్టుకోమన్నారు. వాడికి పట్టుకోవడం తెలియదు. చేతుల్లోంచి కోడి కాళ్ళు జారాయి. దెబ్బ సగమే పడింది. చేలో ఉన్న నాకు ఆ అరుపు వినబడిందే, అంత దూరం వినబడింది అంది. తమ్ముడు ఆ తరవాత ఇంట్లో కోడికూర ముట్టలేదు, పోయేదాకా.

ప్లోయ్ మాడింది. ఇద్దరం చూస్తూ కూచున్నాం.

నాకు నేర్పండి, సరిగ్గా ఎలా చెయ్యాలో అన్నాను.

ఆగస్టు 6

కట్టెపుల్లల మీద గొడ్డలి సాధన. మదాం కంచె అవతల కుర్చీ వేసుకుని కూచుని, భయపడుతూ కొట్టకు, భయపడితేనే దానికి నొప్పి అంటుంది. నీ బాధ నీ దగ్గరే ఉంచుకో, గొడ్డలికి ఇవ్వకు. నలభై పుల్లల్లో ఒక్క దెబ్బకి తెగనివి రెండే. రేపు ఇంకో నలభై.

కామా పక్కనే నిలబడి చెక్కపేళ్ళు పొడుస్తోంది.

ఆగస్టు 8, ఉదయం 7:15

ఇప్పుడే అయింది. చేతులు కడుక్కున్నాను. మరిచిపోకముందే రాస్తున్నాను. మరిచిపోయేది కాదని తెలిసీ.

గూట్లోకి వెళ్ళి కామా అని పిలిచాను. పిలవకుండా పట్టుకోవచ్చు. పిలిచే తీసుకెళ్ళాలనుకున్నాను. వచ్చి బూటెక్కింది. చంకలో పెట్టుకున్నాను. పెట్టెలో వచ్చిన రోజు ఉన్నంత వేడిగానే ఉంది.

మదాం కంచె సందులోంచి ఏప్రన్ కట్టుకుని వచ్చింది. ఈ ఏడు నెలల్లో మా పెరట్లో అడుగు పెట్టడం అదే మొదటిసారి. గొడ్డలి తన చేతిలో ఉంది, దానికోసం చెయ్యి చాపాను. గొడ్డలి నాకిచ్చి కోడికోసం తను చెయ్యి చాపింది.

పేరు పెట్టింది నేను కదా మదాం, కాళ్ళు కూడా నేనే పట్టుకోవాలి అన్నాను.

నీకంటే ముందు నా వంతు మిగిలిపోయింది పిల్లా అంది.

ఇచ్చాను. ఆవిడ రెండు కాళ్ళూ, రెక్కల కొసలూ కలిపి ఒక్క పట్టు పట్టింది. కామాకి ఏదో చెప్పింది, పాత ఫ్రెంచిలో, నాకు తెలియని మాటలు. మొద్దు మీద తల ఆనగానే కామా, పక్కకి పడిన చెక్కపేడు ఒకటి చూసి, పొడవడానికి మెడ చాపింది.

ఒకే దెబ్బ.

అరుపు లేదు. చాలాసేపు రెక్కలు కొట్టుకున్నాయి. మదాం వదల్లేదు. అంతా అయిపోయాక కూడా వదల్లేదు. నేను ఆవిడ వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాను.

అమ్మ మెట్ల మీద నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో. లోపలికి వెళ్ళి పెద్ద గిన్నెలో వేణ్ణీళ్ళు తెచ్చింది. ముగ్గురం ఈకలు పీకాం. చివరికి మదాం, ఆ గుంజలు అలాగే ఉంచు లీజ్, నాకు రావడానికి అదే దగ్గర అంది.

ఆగస్టు 9

పులుసు, ప్లోయ్‌లు. ముగ్గురం తిన్నాం. బాగుంది.

ఆ చివరి మాట రాయడానికి సాయంత్రం అయింది. కొట్టెయ్యలేదు.